గెడ్డకి ఇవతల ఇల్లు

విజయవాడ,
8 డిసెంబరు 2024

కనకత్తకి,

హేమ రాస్తోంది. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు సిగ్నల్ కోసం పైమలుపు దాకా ఎక్కాలి. ఎక్కాక "ఇనపడతందేటే?" అని నువ్వూ, "వినపడుతోందత్తా" అని నేనూ అరుచుకోవడంతోనే సరిపోతుంది. ఈసారి చెప్పాల్సింది చాలా ఉంది. అందుకే ఉత్తరం.

నాకిది ఆఖరి ఏడాది కదా. ఆర్కిటెక్చర్‌లో చివర ప్రతివాళ్ళూ ఒక కట్టడం తీసుకుని మొదటి నుంచి ఆఖరి దాకా సొంతంగా చెయ్యాలి. దీన్ని థీసిస్ అంటారు. మా క్లాసులో ఒకడు విమానాశ్రయం తీసుకున్నాడు. ఇంకో అమ్మాయి సముద్రం ఒడ్డున మ్యూజియం కడుతోంది. నేను మాత్రం మన పనసగరువులో కడుతున్నాను. కొండ మీది ఊళ్ళ గర్భిణులు నెలలు నిండకముందే గెడ్డ దాటి దిగొచ్చి, నొప్పులు వచ్చేదాకా ఉండడానికి ఒక ఇల్లు, తలా ఒక గదితో. మన ఊరి దాకా అంబులెన్స్ వస్తుంది. ఇక వానలో డోలీ మొయ్యక్కర్లేదు.

పోయిన వానల్లో గెడ్డ పొంగితే ఒడ్డునే గొడుగు పట్టించి కాన్పు చేయించావని నాన్న చెప్పాడు. "తల్లీ బిడ్డా బతికారు. మీ అత్తకే చాలారోజులు ముద్ద దిగలేదు" అన్నాడు. ఆశా కార్యకర్తగా నువ్వు ఇన్నేళ్ళూ ఎన్నిసార్లు ఆ గెడ్డ దాటావో నాకు తెలుసు. నా థీసిస్ ఇదేనని అప్పుడే అనుకున్నాను.

ఇందులో ఏసీ ఉండదు. సిమెంటు వీలైనంత తక్కువ. మన రాయి, మన ఎర్రమట్టి, మన కర్ర. చలికాలం పొద్దుటెండ లోపలికి రావాలి, వానజల్లు రాకూడదు. మా గైడ్ సర్వేశ్వరరావు సారు "ముందు ఆ నేల సంగతి కనుక్కో" అన్నారు. కాబట్టి చెప్పు. మన దగ్గర వాన ఏ వైపు నుంచి కొడుతుంది? పొద్దుటెండ ముందు ఎక్కడ పడుతుంది? ఆ ఆడవాళ్ళు వచ్చి ఉండాలంటే ఏం కావాలి? అందరినీ అడిగి రాయి.

గాసి మామయ్యని కాఫీ పళ్ళు ఏరేటప్పుడు నన్నొకసారి తలుచుకోమను.

నీ కోడలు గుంట,
హేమలత

---

పనసగరువు,
అనంతగిరి మండలం,
29 డిసెంబరు 2024

అమ్మలూ హేమా,

నీ ఉత్తరం సంతరోజు చేతికొచ్చింది. ఇప్పుడు కాఫీ పళ్ళ కాలం, వేళ్ళు కడిగినా జిగురు పోదు. ఈ కాగితం మీది మరకలు అవే. ఏమీ అనుకోకు.

ఒక్కదాన్నే చదువుకుని ఊరుకోలేకపోయాను. ఊరంతా కూర్చున్నప్పుడు పైకి చదివాను. "నేను పనసగరువులో కడుతున్నాను" అన్నచోట మీ మామయ్య ఆపి మళ్ళీ చదవమన్నాడు. చదివాను. ఊరిపెద్ద యర్రయ్య తాతకి చెవులు సరిగా వినపడవు కదా, ఆయన కోసం ఇంకోసారి అరిచి చదివాను. అప్పుడాయన, "గాసీ, నీ సోడిసేను కొస రోడ్డుకి తగిలే ఉన్నాది గదా" అన్నాడు. మీ మామయ్య వెంటనే "ఇచ్చీసినాను, తీసుకోండి" అనేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగినా నేనూ అదే అనేదాన్ననుకో. అయినా అడగాలి కదా!

ఇక నీ ప్రశ్నలు. వాన ఎప్పుడూ గెడ్డ వైపు నుంచే, అంటే కొండ వైపు నుంచే ఏటవాలుగా కొడుతుంది. పొద్దుటెండ ముందు రోడ్డు వైపు పడుతుంది. ఆడవాళ్ళని అడగడానికి పై ఊళ్ళకు వెళ్ళాను. నువ్వు రాసినట్టు తలా ఒక గది వాళ్ళకి వద్దట. సుక్రి అని, కొత్తగా కడుపుతో ఉన్న పిల్ల. తొలిచూలు. ఆ పిల్ల అంది కదా, "ఒక్కర్తినీ ఒక గదిలో ఎడితే బయ్యం కాదేటి? అందరం ఒక్కకాడే పడుకుంటాం." ఇంకొకామె "మరి నా కోళ్ళో? ఇంటికాడ ఒగ్గీసొస్తే ఎవులు సూత్తారు?" అంది. ఎవరి వంట వాళ్ళు వండుకుంటామన్నారు. తోడొచ్చే అత్తలకి చోటుండాలన్నారు.

ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. ఈ గైడు ఎవరు? బొర్రా గుహల దగ్గర గైడుల్ని నేను చూశాను. టార్చిలైటు వేసి ఒక రాయిని చూపించి ఏనుగంటారు, ఇంకో రాయిని చూపించి సింహమంటారు. ఇల్లు కట్టేదానివి, అలాంటి మనిషితో నీకేం పని? మీ నాన్నకి తెలుసా?

ఇక్కడ పని మొదలైంది. నువ్వేం దిగులుపడకు. బొమ్మ బేగి పంపు.

నీ మంచి కోరే
కనకత్త

---

విజయవాడ,
19 జనవరి 2025

అత్తా,

నీ ఉత్తరం చదివి హాస్టల్లో ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను. గైడ్ అంటే మా ప్రొఫెసరు. తలంతా నెరిసిపోయింది, ఇద్దరు మనవలు. నవ్వడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. నాన్నకి తెలుసు, కంగారుపడకు.

మీరంతా నా కోసం పని మొదలుపెట్టారని చదివాక మనసు నిండిపోయింది. మా క్లాసులో ఎవరికీ ఇలా ఊరు ఊరంతా సమాచారం పోగుచేసి పెట్టలేదు. కోళ్ళ సంగతి సారుకి చెబితే "వాళ్ళు రావాలంటే కోళ్ళకీ చోటు పెట్టాల్సిందే" అన్నారు. వెనక గోడకి ఆనుకుని కోళ్ళగూడు గీశాను. గదులు తీసేసి ఒకటే పెద్ద హాలు పెట్టాను. ముందు పొడవాటి వసారా. వంటింటి మీద పెంకుల మధ్య పొగ పోవడానికి ఒక సందు. వాన కొట్టే వైపు కిటికీలు లేని మందపాటి మట్టిగోడ. ఈ ఉత్తరంతో పాటు బొమ్మ పెట్టాను. పెద్ద కాగితం, జాగ్రత్తగా విప్పు.

వచ్చేనెల మొదట్లో మొదటి జ్యూరీ ముందు నిలబడాలి. ముగ్గురు పెద్దవాళ్ళు ఎదురుగా కూర్చుని మనం చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటే బయటకి లాగుతారు. పోయిన ఏడాది ఒకమ్మాయి అక్కడే ఏడ్చేసింది. నా గతి ఏమవుతుందో! మన ఊరి దేవతకి నా పేరు చెప్పి దణ్ణం పెట్టు.

భయంతో,
హేమ

---

పనసగరువు,
6 ఫిబ్రవరి 2025

హేమా,

ఏం తప్పు చేశావు తల్లీ?

చెప్పు, నేను కొట్టను. సినిమాల్లో చూశాను, జ్యూరీ అంటే కోర్టే. ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని తప్పులు బయటకి లాగుతారంటే చిన్న విషయం కాదు. ఎవరైనా నీ మీద లేనిపోనిది చెప్పారా? ఆ గైడేనా? మీ నాన్నకి కబురంపాను, అరకు నుంచి ఇంకా జవాబు రాలేదు. నీ కోసం అమ్మవారికి కోడిని మొక్కాను. యర్రయ్య తాత తన ఉన్ని శాలువా ఉతికించి ఆరేశాడు. "మన గుంట మంచిదని నాను సెప్తాను. ఎవుడడుగుతాడో అడగనీ" అని నాతో విజయవాడ వస్తానంటున్నాడు. మేం ఏ రైలెక్కాలో వెంటనే రాయి.

ఇంత దిగులులోనూ ఒక మంచిమాట. నీ బొమ్మ అందింది. మీ మామయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని చోడిచేలో నిలబడ్డాడు. తాళ్ళు లాగించాడు, సున్నంతో గీత పోయించాడు. పునాది తవ్వకం అయిపోయింది. గెడ్డలోంచి రాళ్ళు మోస్తున్నాం. పై ఊళ్ళ మగవాళ్ళు కూడా వంతులేసుకుని వస్తున్నారు. పంచాయతీలో అడిగితే సరేనన్నారు. పాత బడి విప్పినప్పటి పెంకులు పక్కన పోసి ఉన్నాయి కదా, అవి తీసుకోమన్నారు. దూలాలకి మన కాఫీ తోటలో గాలికి పడిన సిల్వర్ ఓక్ చెట్లు చాలు. వానలకి ముందే ఇంట్లో దీపం పెట్టాలని అందరి పట్టుదల.

నువ్వు ధైర్యంగా ఉండు. నిజం చెప్పినవాళ్ళకి ఏ కోర్టూ ఏమీ చెయ్యదు.

మీ అత్త

---

విజయవాడ,
14 ఫిబ్రవరి 2025

అత్తా, అత్తా,

ముందు పని ఆపించు. ఈ ఉత్తరం అందగానే ఆపించు. పైమలుపుకి వచ్చి నువ్వు ఫోన్ చేస్తావేమోనని మూడు రోజులుగా చూస్తున్నాను. నేను చేస్తే కలవడం లేదు.

జ్యూరీ కోర్టు కాదు. మా పరీక్షని అలా పిలుస్తారు. అది బాగానే జరిగింది, ఎవరూ ఏమీ అనలేదు. యర్రయ్య తాతని శాలువా మడతపెట్టి దాచుకోమను.

అసలు సంగతి ఎలా రాయాలో తెలియడం లేదు. నేను కడుతున్నానని రాశాను చూడు, మేం ఇక్కడ అలాగే మాట్లాడుకుంటాం. విమానాశ్రయం తీసుకున్నవాడు కూడా "కడుతున్నా" అనే అంటాడు. అతను ఒక్క ఇటుక కూడా పెట్టడు. అదంతా కాగితం మీదే అత్తా. గీస్తాం, అట్టముక్కలతో చిన్న నమూనా చేస్తాం, మార్కులు వేస్తారు. అంతే. నాది కాగితం ఇల్లు. నేనింకా ఇంజనీరుతో లెక్కలు చూపించుకోలేదు. నేను చదువుకునే పిల్లని. ఇంతవరకూ ఒక కోళ్ళగూడైనా కట్టలేదు.

మామయ్య చోడిచేను తవ్వేశాడని చదివాక క్లాసుకి కూడా వెళ్ళలేదు. ఊళ్ళో అందరికీ ఏమని చెబుతావు? పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి? తప్పు నాదేనని చెప్పు. నేను వాళ్ళ మొహం ఎలా చూడాలి?

హేమ

---

పనసగరువు,
2 మార్చి 2025

హేమమ్మా,

నీ ఉత్తరం కూడా పైకే చదివాను. దాచి ఏం లాభం?

పై ఊరి వాళ్ళు అప్పుడే రాళ్ళు దించి చెమట తుడుచుకుంటున్నారు. సుక్రి మొగుడికి అన్నం తెచ్చి అక్కడే కూర్చుంది. కడుపు ఇప్పుడు బాగా కనిపిస్తోంది. "కాయితం ఇల్లేటి? కాయితంలో పడుకుని కంటానేటి నాను?" అంది. అంతే, ముందు యర్రయ్య తాత నవ్వాడు. తర్వాత అందరూ. నువ్వు అక్కడ ఉండి ఉంటే నువ్వూ నవ్వేదానివి.

నాకు మాత్రం ముందు కోపమే వచ్చింది. నిజం చెప్పొద్దూ, ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా పెట్టాను. కోపం నీ మీద కాదు, ఆశపడ్డ నా మీద. మీ మామయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఒలే, ఆ గుంట రాసిన దాన్లో అబద్ధమేటున్నాది సెప్పు. రాయి అబద్ధమా? మట్టి అబద్ధమా? మనం మోసింది కాయితం రాళ్ళా?" అన్నాడు.

కాబట్టి తవ్వింది పూడ్చం. నువ్వు లెక్కలు చూపించాలంటున్నావుగా, చూపించు. ఎవరికి చూపించాలో వాళ్ళకి చూపించు. ఆ నవ్వని సారు ఏమంటాడో అడుగు. పరీక్ష కోసం గీశావో, మా కోసం గీశావో, గీసింది నువ్వే. రాళ్ళు రెండు వరసలు పెట్టాం. సాయంత్రాలు ఆ రాళ్ళ మీద కూర్చుంటున్నాం. వసారా భలే చోట పెట్టావు, ఎదురుగా గెడ్డే కనిపిస్తోంది. నీళ్ళ చప్పుడు వింటూ కూర్చోవచ్చు.

కళ్ళు తుడుచుకుని రాయి.

కనకత్త

---

విజయవాడ,
23 మార్చి 2025

ప్రియమైన అత్తకీ, మామయ్యకీ,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన పనస తొనలు రైల్లోనే అయిపోయాయి. పక్కనున్నవాళ్ళు వాసనకే అడిగారు.

నన్ను చూడగానే నువ్వు "ఏటే, కబురైనా లేకుండా ఇలగొచ్చీసినావు!" అన్నావు కదా. వసారా నుంచి గెడ్డ కనిపిస్తోందని చదివిన సాయంత్రమే రైలెక్కాను. బొమ్మలో వసారా రోడ్డు వైపు ఉంది అత్తా! నేను రోడ్డు మీద నిలబడి చూస్తున్నట్టు గీశాను. మామయ్య కొండ వైపు నిలబడి పట్టుకున్నాడు. ఇల్లు మొత్తం తిరగబడింది. అలాగే కట్టేస్తే తొలివానకే హాల్లో మోకాలెత్తు నీళ్ళు. దిక్కు గుర్తు మూలన చీమంత వేసింది నేనే, కాబట్టి మామయ్యని ఆటపట్టించకు. రెండు వరసల రాళ్ళూ తీసి మళ్ళీ పెట్టాల్సివస్తే ఒక్కరైనా విసుక్కుంటారనుకున్నాను. "ఇల్లు ఇటు తిరిగింది, ఓసారి అటు తిరగమందాం" అని పాటలాగా పాడుకుంటూ తీశారు.

నువ్వు పాడేరు మీటింగుకి వెళ్ళిన రోజు ఏం జరిగిందో నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. వంటింటి కప్పులో సందు వదలడానికి యర్రయ్య తాత ససేమిరా ఒప్పుకోలేదు. "ఇల్లన్నాక కన్నం ఎడతారేటి? వాన రాదేటి? పురిటాల్ని సలిలో సంపుతావా?" అని కేకలు. నేను మాటలతో చెప్పి చెప్పి అలిసిపోయి, నా అట్ట నమూనా తెచ్చి అరుగు మీద పెట్టాను. వంటింట్లో అగరబత్తి వెలిగించి తలుపు మూశాను. పొగ హాల్లోకి రాలేదు. తిన్నగా పైకెక్కి సందులోంచి దారంలా బయటకొచ్చింది. ఆ సందు మీద ఇంకో చిన్న కప్పు ఉంటుందని, వాన అందులోకి రాదని చెంబుతో నీళ్ళు పోసి చూపించాను. తాత వంగి ఒక కన్ను మూసుకుని చూశాడు. అగరబత్తి ఆరిపోయేదాకా చూశాడు. తర్వాత "మా ఇంటికీ ఎట్టీ ఇలాటిది. మా ముసిల్ది పొగకి దగ్గుతాది" అన్నాడు. ఆ మాటకి నాకు పరీక్ష పాసైనంత సంతోషం వేసింది.

ఇక సారు. భయపడుతూనే వెళ్ళి జరిగిందంతా చెప్పాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నిజంగా కడుతున్నారా? మనుషులు ఉండబోతున్నారా?" అని రెండుసార్లు అడిగారు. "అయితే అమ్మా, ఇది ఇక నీ మార్కుల సంగతి కాదు. ఒక్క దూలం కూడా లెక్క చూడకుండా ఎక్కడానికి వీల్లేదు" అన్నారు. తన స్నేహితుడైన ఇంజనీరు దగ్గరికి ఆయనే తీసుకెళ్ళారు. గోడలు ఇంకో మూరెడు దగ్గరకి జరపమన్నారు, అంటే రాళ్ళు ఇంకోసారి తియ్యాలి. దూలాల కింద అడ్డకర్ర వెయ్యమన్నారు. కొత్త బొమ్మ పంపుతున్నాను. ఈసారి దిక్కు గుర్తు అరచేతంత వేశాను.

ఏప్రిల్లో సారు స్వయంగా వస్తారట.

నీ
హేమ

---

పనసగరువు,
21 ఏప్రిల్ 2025

హేమమ్మకి,

మీ సారు క్షేమంగా చేరారా? కాళ్ళ నొప్పులు తగ్గాయా? ముందు అది రాయి.

నువ్వు పరీక్ష పనిలో ఉండిపోయి రాలేదు కాబట్టి జరిగింది నేనే చెప్పాలి. ఆయన సరిగ్గా ఇటుకల పండగ రోజుల్లో వచ్చారు. మగవాళ్ళు వేటకి పోయారు. మేం ఆడవాళ్ళం మామూలుగానే రోడ్డుకి తాడు కట్టి, వచ్చే పోయే బళ్ళని ఆపి పాటలు పాడుతున్నాం. పండగ మామూలు ఇవ్వకుండా ఎవర్నీ వదలం కదా. మలుపు తిరిగి ఒక తెల్లకారు వచ్చింది. లోపల ఒక పెద్దాయన. మమ్మల్ని చూసి అద్దం కొంచెం దించి, "ఏమమ్మా, ధర్నానా? ఏమిటి మీ డిమాండు?" అన్నాడు. మా వాళ్ళు ఇంకా గట్టిగా పాడారు. ఆయన చెమటలు తుడుచుకుంటూ, "నేను పనసగరువులో హేమలత కడుతున్న ఇల్లు చూడాలి. దయచేసి వదలండి" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఈయనే గైడు! తాడు తీశాం. కానీ కారు దింపి నడిపించుకుంటూ, పాడుకుంటూ తీసుకొచ్చాం.

గోడలు నడుము దాటాయి. ఆయన చుట్టూ తిరిగారు. గోడ మీద చెయ్యి వేసి చూశారు. గోళ్ళతో గీకి చూశారు. తర్వాత హాల్లో నింపిన మట్టి మీద కాలితో తన్ని, "మట్టి ఇంకా మెత్తగానే ఉంది, దిమ్మిస చాలలేదమ్మా. దిమ్మిస ఇంకా గట్టిగా పడాలి. ఇవాళే మొదలుపెట్టండి" అన్నారు.

మా వాళ్ళకి ఏమని వినపడిందో తెలుసా? థింసా! పండగనాడు పెద్దాయన వచ్చి థింసా చాలలేదంటే ఊరుకుంటారా? "సారుకి థింసా కావాలంట" అని ఒకరు, "గట్టిగా కావాలంట" అని ఇంకొకరు. వేటకి పోని ముసలాళ్ళు డప్పులు తెచ్చారు, మోరీ ఊదారు. ఆడవాళ్ళు నడుముల మీద చేతులు వేసుకుని ఆ గోడల మధ్యే వరస కట్టారు. ఆయన "అది కాదమ్మా, దిమ్మిస, దిమ్మిస" అంటూ చేతులతో నేలకేసి కొట్టి చూపించారు. అది చూసి అడుగు వెయ్యడం చూపిస్తున్నారనుకుని ఆయన్ని కూడా వరసలోకి లాగేశారు. నేను చెబుదామనే అనుకున్నాను, నవ్వు ఆగక నోట మాట రాలేదు. అడుగు ముందుకి, అడుగు వెనక్కి, నేలంతా దద్దరిల్లింది. మీ నవ్వని సారు నవ్వారు హేమా. పళ్ళన్నీ కనిపించాయి.

పొద్దు వాలేసరికి వంగి నేలని వేళ్ళతో నొక్కి చూసి, "మధ్యలో బ్రహ్మాండంగా కుదిరింది. మూలల్లో మాత్రం కర్ర దిమ్మిసతో కొట్టండి" అన్నారు. మర్నాడు అలాగే కొట్టాం. వెళ్ళేటప్పుడు యర్రయ్య తాత తన శాలువా ఆయన భుజాన కప్పాడు. ఆయన అంత ఎండలోనూ దాన్ని తియ్యకుండానే కారెక్కారు.

మంచి మనిషి. గైడు అన్నందుకు నా మీద కోపం ఉంచుకోవద్దని చెప్పు.

మీ కనకత్త

---

విజయవాడ,
30 మే 2025

అత్తా,

పాసయ్యాను! డిస్టింక్షన్! నాన్న ఫోన్లో ఏమీ మాట్లాడలేక అమ్మకి ఇచ్చేశాడు. అమ్మ ఏడ్చి మళ్ళీ నాన్నకి ఇచ్చేసింది. నీకైనా సరిగ్గా చెబుదామని వెంటనే రాస్తున్నాను.

పెంకులు ఎక్కాయని మామయ్య పంపిన ఫోటో ఆఖరి జ్యూరీ రోజు పొద్దున్నే వచ్చింది. పైమలుపు దాకా ఎక్కి పంపాడన్నమాట. అది జ్యూరీకి చూపించాను. అందరూ లేచి దగ్గరికొచ్చి చూశారు. కానీ ఒక మేడమ్ ఒక ప్రశ్న అడిగారు. అది నాలో గుచ్చుకుని ఉండిపోయింది. "ఇలాంటివి చాలాచోట్ల కట్టారమ్మా. ఖాళీగా పడి ఉంటాయి. ఇల్లూ వాకిలీ, పశువుల్నీ, పెద్దపిల్లల్నీ వదిలి ఆడవాళ్ళు వచ్చి కూర్చోరు. మీ ఇంటికి వస్తారని నమ్మకమేమిటి?"

కోళ్ళగూడు చూపించాను. వంటిల్లు చూపించాను. ఆమె నవ్వి, "కోళ్ళు వస్తాయి. మనుషులు?" అన్నారు. అప్పుడు ఉన్నమాటే చెప్పాను. "తెలియదు మేడమ్. మా అత్త ఉంది. అంతకన్నా నా దగ్గర జవాబు లేదు" అన్నాను. అందుకే మార్కులు వేశారో, అది విని కూడా వేశారో తెలియదు.

జూన్ మొదటివారంలో వచ్చి తలుపులు బిగించేదాకా ఉంటాను. తర్వాత విశాఖలో ఒక చిన్న ఆఫీసులో చేరాలి. మట్టితో కట్టేవాళ్ళే వాళ్ళు. దగ్గరే కాబట్టి పిలిస్తే వచ్చెయ్యొచ్చు. నీ చింతపండు చారు కోసం నోరూరుతోంది.

సంతోషం పట్టలేని
హేమ

---

పనసగరువు,
27 జూలై 2025

హేమమ్మా,

ఇన్నాళ్ళూ రాయలేదని అలిగావట, మీ అమ్మ కబురంపింది. రాయడానికి మంచి కబురు లేకపోయింది. ఇప్పుడుంది.

నువ్వు విశాఖ వెళ్ళాక ఇల్లు ఖాళీగానే ఉంది. అలికాను, ముగ్గు పెట్టాను, కుండలో నీళ్ళు నింపాను. రోజూ సాయంత్రం వెళ్ళి దీపం పెట్టి తాళం వేసుకొచ్చాను. పై ఊళ్ళకు ఎక్కి ఇంటింటికీ చెప్పాను. "అలాగే వత్తాం" అన్నారు, ఎవరూ దిగలేదు. నాట్లకాలం. సుక్రిని అడిగితే "మా అత్త ఒగ్గదు" అంది. ఆ అత్తని అడిగితే, "నాను ఆరుగుర్ని ఇంట్లోనే కన్నాను, ఏటైనాది?" అంది. ఆ మేడమ్ అన్నమాట నిజమేనేమోనని నీకు రాయలేకపోయాను.

చివరికి ఆ అత్తతో వాదన మానేశాను. "నువ్వు ఆరుగుర్ని కన్నావు. నాకు ఒక్కడే. అక్కడ కూర్చునే పిల్లలకి చెప్పడానికి నాకేం తెలుసు? నువ్వొచ్చి చూసుకోకూడదా? ఆ ఇంటికి ఒక పెద్దదిక్కు కావాలి" అన్నాను. ముసలామె చాలాసేపు చుట్ట కాల్చింది. మర్నాడు మబ్బు పట్టి ఉండగానే గెడ్డ దాటి వచ్చేసింది. ముందు ఆమె, చాపా మూటా పట్టుకుని వెనక సుక్రి.

వచ్చిన మూడోనాడు గెడ్డ పొంగింది. ఆ రోజు మధ్యాహ్నమే సుక్రికి నొప్పులు. మీ మామయ్య పైమలుపుకి పరిగెత్తి ఫోన్ చేశాడు. అంబులెన్స్ వసారా మెట్టు దాకా వచ్చి ఆగింది. సుక్రి తన కాళ్ళతో నడిచి ఎక్కింది హేమా. డోలీ లేదు, తాళ్ళు లేవు, ఎవరి భుజమూ కొట్టుకుపోలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి నా చేతిలో గొడుగు లేదు. ఆస్పత్రిలో పొద్దున్నే ఆడపిల్ల పుట్టింది. గట్టి గొంతు.

పేరు హేమలత అని పెట్టమని నేనే అడిగాను. సుక్రి ఠక్కున "వద్దమ్మా. ఆ గుంట ఇల్లుని తిరగేసీసింది. ఇది నా బుర్ర తిరగేసీగలదు" అంది. మంగళవారం పుట్టింది కాబట్టి మంగ్లి అని పెట్టారు. నువ్వు బాధపడతావనుకోను.

తిరిగొచ్చాక సుక్రి అత్త ఇంటికి పోలేదు. పిల్లనీ కోడల్నీ కొడుకుతో పంపించి, తనిక్కడే ఉండిపోయింది. పై ఊళ్ళకు కబురు పెట్టింది ఆమే. నేనెన్నిసార్లు చెప్పినా కదలనివాళ్ళు ఆమె ఒక్క కేకకి దిగారు. ఇప్పుడు నలుగురున్నారు. నలుగురికీ తోడు అత్తలో, అమ్మలో. చాపలు చాలక మా ఇంట్లోవి తెచ్చాను. ఎవరి పొయ్యి ముందు వెలిగించాలని పొద్దున్నే పేచీ. యర్రయ్య తాత వచ్చి తీర్పు చెబుతానని కూర్చుంటాడు, ఆయన మాట ఎవరూ వినరు. ఏ వసారా స్తంభానికి ఎవరు ఆనుకోవాలో కూడా హక్కులు వచ్చేశాయి. ఇంకా చోటుందా అని గెడ్డ అవతలి నుంచి ఇంకొకామె కబురంపింది. నువ్వొకసారి వచ్చి వెనకవైపు ఇంకొంచెం పెంచగలమేమో చూడు. ఈసారి కాగితం మీద వద్దు, నేరుగా వచ్చి చెప్పు.

ఈ ఉత్తరం ఆ హాల్లోనే కూర్చుని రాస్తున్నాను. చీకటిపడింది, వాన పెద్దదైంది. గోడ వెనక గెడ్డ హోరు వినిపిస్తోంది. ఇదివరకు ఇలాంటి వాన పట్టిందంటే చెప్పులు వేసుకునే మంచం మీద కూర్చునేదాన్ని, పై నుంచి ఎవరు కేకేస్తారో అని. ఇప్పుడు కేకెయ్యాల్సినవాళ్ళంతా నా చుట్టూనే ఉన్నారు. ఏదో మొగుళ్ళ సంగతులు చెప్పుకుని నవ్వుతున్నారు. ఒకామె నా చేతిలో కాగితం లాక్కుని, "సాల్లే కనకమ్మా, పడుకో, పొద్దున్న రాసుకుందువు" అంటోంది.

పడుకుంటాను. కురవనీ, ఎంత కురుస్తుందో.

కనకత్త